హిమాలయన్ 411 కొనాలా, 450 కొనాలా: హనుమకొండ పాఠకుడి ప్రశ్నకు సమాధానం

ప్రశ్న: మాది హనుమకొండ. వయసు 41 ఏళ్లు, ఎత్తు 5 అడుగుల 4 అంగుళాలు. ములుగు జిల్లాలో ఉపాధ్యాయుడిగా పనిచేస్తున్నాను. రోజూ బడికి బస్సులోనే వెళ్తాను కాబట్టి బండి ఆ అవసరానికి కాదు. నెలకు ఒకటి రెండు సార్లు నా భార్యతో కలిసి లక్నవరం, మేడారం, బొగత, కుంటాల వంటి చోట్లకు వెళ్లాలని, వచ్చే జూన్‌లో ఇద్దరు మిత్రులతో కలిసి లేహ్ వెళ్లి రావాలని నా కోరిక. పాత రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ కొందామని వెతికితే రెండు దొరికాయి. ఒకటి 2019 నాటి పాత తరం 411 (ఇంజన్ పరిమాణం 411 సీసీ). 41,000 కిలోమీటర్లు తిరిగింది, 1.30 లక్షలు అడుగుతున్నారు. రెండోది 2024 ఆరంభంలో కొన్న కొత్త తరం 450; 11,000 కిలోమీటర్లు తిరిగింది, 2.45 లక్షలు చెబుతున్నారు, దాని మీద ఇంకా కొంత అప్పు ఉందట. నా దగ్గర ఉన్నది మొత్తం 2.60 లక్షలు. మిత్రులిద్దరూ కొత్త తరం బండే కొనమంటున్నారు. మీ సలహా ఏమిటి?

సమాధానం: మీ ఉత్తరంలో నిజానికి రెండు ప్రశ్నలున్నాయి. రెండు తరాల్లో ఏది మెరుగైన యంత్రం అన్నది మొదటిది. దానికి జవాబు సులువే. 450 మెరుగైనది, ఆ మాట దాచవలసిన అవసరం లేదు. మీ ఎత్తు, మీ దారులు, మీ దగ్గరున్న డబ్బు చూసుకుని మీరు ఏది కొనాలన్నది రెండోది. దానికి నా జవాబు 2019 నాటి 411, అదీ కింద రాసిన పరీక్షలన్నిటికీ నిలబడితేనే. మీ మిత్రుల మాట తప్పని నేను అనను. వారు మొదటి ప్రశ్నకు జవాబు చెప్పారు, మీకు కావలసింది రెండోదానికి.

ముందుగా పాత తరమంటే ఏమిటో స్పష్టం చేసుకుందాం, ఎందుకంటే 411 అనే పేరు కింద కనీసం మూడు రకాల బళ్లు అమ్మకానికి వస్తున్నాయి. 2016 మార్చిలో వచ్చిన తొలి బళ్లు, పెట్రోలును గాలితో కలిపి ఇంజన్‌కు పంపే కార్బురేటర్‌తో నడిచే బీఎస్-3 (కాలుష్య ప్రమాణాల మూడో దశ) బళ్లు. నాణ్యత గురించి కొనుగోలుదారుల నుంచి ఎక్కువ ఫిర్యాదులు వచ్చింది వాటి మీదనే. 2017లో బీఎస్-4 ప్రమాణాలతో పాటు, పెట్రోలు పాళ్లను సెన్సార్లతో సరిచూసుకునే ఫ్యూయెల్ ఇంజెక్షన్ వచ్చింది, 2018లో ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) చేరింది. 2020 జనవరిలో వచ్చిన బీఎస్-6 బండికి వెనుక చక్రం ఏబీఎస్‌ను ఆపుకొనే మీట, హజార్డ్ లైట్లు వచ్చాయి, 2021లో దారి చూపే చిన్న ట్రిప్పర్ తెర వచ్చింది. మీరు చూసిన 2019 బండి ఇంజెక్షన్, ఏబీఎస్ రెండూ ఉండవలసిన కాలానిది. ఎవరైనా లక్ష లోపు ధరకు 2016 నాటి బండి చూపిస్తే మాత్రం, ధర చూసి మనసు మార్చుకోకండి. కార్బురేటర్ బండితో లేహ్ వెళ్లలేమని కాదు, ఎంతోమంది వెళ్లి వచ్చారు. పల్చటి గాలిలో పెట్రోలు పాళ్లు దానంతట అది సరిచేసుకోలేదు కాబట్టి ఎత్తుకు పోయే కొద్దీ బండి మొరాయిస్తుంది, ఆ అవస్థను డబ్బిచ్చి కొనుక్కోవలసిన అవసరం మీకు లేదు.

ఇక రెండు ఇంజన్ల తీరు. 411లో సిలిండరు వ్యాసం 78 మిల్లీమీటర్లు, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 86 మిల్లీమీటర్లు. స్ట్రోకు పొడవైన ఇంజన్ కాబట్టి ఎక్కువ తిప్పకుండానే, తక్కువ వేగంలోనే లాగుతుంది. దాని శక్తి సుమారు 24.5 హార్స్‌పవర్, టార్క్ (లాగే బలం) 32 న్యూటన్ మీటర్లు. ఆ టార్క్ 4,000 నుంచి 4,500 ఆర్‌పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) మధ్యనే అందుతుంది. 2023 నవంబరులో వచ్చిన 450లో సిలిండరు 84, స్ట్రోకు 81.5 మిల్లీమీటర్లు. ఇది లిక్విడ్ కూలింగ్ ఇంజన్, నాలుగు వాల్వులు, ఆరు గేర్లు, 8,000 ఆర్‌పీఎం వద్ద సుమారు 40 హార్స్‌పవర్, 5,500 వద్ద 40 న్యూటన్ మీటర్లు. కాగితం మీద ఈ తేడా చాలా పెద్దది, రోడ్డు మీద కూడా పెద్దదే, కానీ అన్ని రోడ్ల మీదా కాదు.

మీరు రాసిన దారులనే తీసుకుందాం. ములుగు దాటి పస్రా, తాడ్వాయి మీదుగా మేడారం వెళ్లే అడవి దారిలో, చల్వాయి దగ్గర మలుపు తిరిగి లక్నవరం చేరే దారిలో, ఏటూరునాగారం దాటి ముల్లకట్ట వంతెన మీద గోదావరిని దాటి వాజేడు వైపు బొగతకు పోయే దారిలో, భార్యను వెనుక కూర్చోబెట్టుకున్న మనిషి నడిపే వేగం 40 నుంచి 70 కిలోమీటర్ల మధ్య ఉంటుంది, ఉండాలి కూడా. పశువులు అడ్డం వస్తాయి, వానాకాలంలో వాగు పొంగి రోడ్డు మీదికి ఇసుక తెస్తుంది. ఆ వేగంలో 411 సుఖంగా నడుస్తుంది, ఆ బండి స్వభావానికి సరిగ్గా సరిపోయే దారులవి. కుంటాలకు వెళ్లేటప్పుడు నిర్మల్ తరువాత 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కుతారు. నాలుగు వరుసల రహదారిపై మోటారు సైకిళ్లకు 2018లో కేంద్రం నిర్ణయించిన గరిష్ఠ వేగం గంటకు 80 కిలోమీటర్లు. 411 గంటకు 90 వరకు పెద్దగా ఆయాసపడదు, 100 దాటితే వైబ్రేషన్ చేతులకు, పాదాలకు తెలుస్తుంది. 450 అయితే 110 వద్ద కూడా తీరుబాటుగా ఉంటుంది. చట్టం ఒప్పుకోని ఆ తీరుబాటు కోసం మీరు 1.15 లక్షలు ఎక్కువ పెట్టాలా అన్నది ఆలోచించవలసిన విషయం.

అయితే ఒక్క చోట 450 శక్తి నిజంగా ప్రాణానికి పనికొస్తుంది. రెండు వరుసల రోడ్డు మీద, భూపాలపల్లి వైపు బొగ్గు లారీలను, కరీంనగర్ దారిలో గ్రానైట్ లారీలను దాటవలసి వచ్చినప్పుడు, ఇద్దరు మనుషులు, సామానుతో ఉన్న 411కు ముందుచూపు కావాలి. గేరు దించి, ఎదురుగా చాలా దూరం ఖాళీ ఉందని చూసుకుని, ఆ తరువాతే బయటికి రావాలి. 450 అదే పనిని తక్కువ దూరంలో ముగిస్తుంది. బ్రేకుల్లోనూ తేడా ఉంది. 411కు ముందు డిస్కు 300, వెనుక 240 మిల్లీమీటర్లు, 450కి 320, 270 మిల్లీమీటర్లు. మీ తిరుగుడంతా ఇటువంటి రోడ్ల మీదనే, నెలకు రెండు మూడు వేల కిలోమీటర్లు ఉండి ఉంటే నేను మరో మాట లేకుండా 450 వైపు మొగ్గేవాణ్ని. నెలకు ఒకటి రెండు సార్లు, అందులోనూ ఎక్కువ అడవి దారులు అన్నారు కాబట్టి ఆగాను.

మీ ఎత్తు గురించి మిత్రులు ఆలోచించలేదనిపిస్తుంది. 411 సీటు ఎత్తు 800 మిల్లీమీటర్లు. 450 సీటును కిందికి దించినా 825, పైకి పెడితే 845. తక్కువ ఎత్తు సీటు విడిగా దొరుకుతుంది, దానితో 805 వరకు వస్తుంది, దాని ఖర్చు మీరే భరించాలి. రెండు బళ్ల బరువూ దగ్గర దగ్గరే, 190 కిలోలకు పైనే. చదును రోడ్డు మీద ఒక అంగుళం తేడా తేడాగానే కనిపించదు. వెనుక మనిషిని, ఇరువైపులా సామానును పెట్టుకుని, వాలుగా ఉన్న కంకర మీద బండిని ఆపి కాలు పెట్టబోయినప్పుడు నేల అందకపోతే ఆ బరువంతా ఒక పక్కకు పోతుంది, మోకాలో నడుమో దెబ్బ తింటుంది. అందుకే ఏది కొన్నా, కొనేముందు మీ శ్రీమతిని వెనుక కూర్చోబెట్టుకుని, ఒక వాలు మీద ఆపి, రెండు కాళ్లూ ఎలా ఆనుతున్నాయో చూసుకోండి. ఒంటరిగా షోరూం ముందు కూర్చుని చూసుకున్నది పరీక్ష కాదు.

లేహ్ ప్రయాణం సంగతికి వస్తే, అక్కడ ఇంజన్ శక్తి అన్ని బళ్లకూ తగ్గుతుంది. 5,300 మీటర్ల పైన ఉండే ఖర్దూంగ్ లా కనుమ దగ్గర గాలి పీడనం సముద్ర మట్టంతో పోలిస్తే సగానికి కొద్దిగా ఎక్కువ మాత్రమే; ఇంజెక్షన్ ఉన్న బండి పెట్రోలు పాళ్లను సరిచేసుకోగలదు కానీ లేని గాలిని తేలేదు. 40 హార్స్‌పవర్ ఉన్న బండికి అక్కడ మిగిలేది ఎక్కువ, నిజమే. కానీ మీరు లేహ్‌కు ఒంటరిగా, అంటే వెనుక మనిషి లేకుండా వెళ్తున్నారు, ఆ పనికి 411 చాలు. ఆ కొండదారులను దృష్టిలో పెట్టుకుని రూపొందించిన బండే అది. పెట్రోలు లెక్క మాత్రం ముందే వేసుకోండి. మనాలి నుంచి పోయేటప్పుడు తాండి బంకు దగ్గర, తరువాతి బంకు 365 కిలోమీటర్ల దూరంలో ఉందని చెప్పే బోర్డు ఎన్నో ఏళ్లుగా ప్రసిద్ధి. 411 ట్యాంకు 15 లీటర్లు, 450 ట్యాంకు 17 లీటర్లు. మన రోడ్ల మీద లీటరుకు 30 ఇచ్చే బండి అక్కడ బరువుతో, చిన్న గేర్లలో 25 ఇస్తుందనుకుంటే 411కు 375, 450కి 425 కిలోమీటర్లు వస్తాయి. 411తో వెళ్తే 5 లీటర్ల డబ్బా వెంట ఉండాలన్నమాట. 450తో వెళ్లినా నేనైతే తీసుకెళ్తాను.

మరమ్మతు విషయంలో తేడా ఇంతకన్నా పెద్దది. 411లో టాపెట్లు (ఇంజన్ వాల్వులను కదిలించే భాగాలు) స్క్రూ, నట్టుతో సరిచేసేవి. యాక్సిలరేటర్ కేబుల్‌తో పనిచేస్తుంది. ఇంజన్ గాలితో, ఆయిల్ కూలర్‌తో చల్లబడుతుంది. ఏటూరునాగారంలోనో ఉట్నూరులోనో బుల్లెట్ పని తెలిసిన మెకానిక్ దాన్ని విప్పి చూడటానికి భయపడడు. 450లో యాక్సిలరేటర్‌కు కేబుల్ లేదు, అంతా సెన్సార్ల మీదే నడుస్తుంది. వాల్వు క్లియరెన్స్ (వాల్వుల దగ్గర ఉండవలసిన సందు) సరిచేయాలంటే షిమ్‌లు అనే పల్చటి లోహపు బిళ్లలు మార్చాలి. రేడియేటర్‌కు రాయి తగిలి చిల్లి పడితే, కూలెంట్ కారిపోయిన బండిని ఎక్కించుకుపోవడం తప్ప దారి లేదు. ఆ బండి నమ్మదగినది కాదని దీని అర్థం కాదు. అది ఆగిపోయినప్పుడు వరంగల్ వరకో కరీంనగర్ వరకో రావాలి, అదే తేడా. 411 తయారీ ఆగిపోయింది కదా, విడిభాగాలు దొరుకుతాయా అని మీకు అనుమానం రావచ్చు. దాని ఇంజన్ కుటుంబం 2025లో వచ్చిన స్క్రామ్ 440లో 443 సీసీగా ఇంకా కొనసాగుతోంది. అన్ని భాగాలూ ఒకటే కాకపోయినా ఆ వంశం తెగిపోలేదు. పైగా ఏడేళ్ల పాటు అమ్ముడైన బండి కాబట్టి విడిభాగాల దుకాణాల్లో సరుకు ఉంది.

కొత్త తరం బండికి ట్యూబ్‌లెస్ చక్రాలుంటాయని చాలామంది అనుకుంటారు. స్పోకులతో కూడిన ట్యూబ్‌లెస్ చక్రాలు 2024లో తరువాత వచ్చాయి. 2024 ఆరంభపు బండి అంటున్నారు కాబట్టి దానికీ ట్యూబులే ఉంటాయి, విడిగా మార్పించుకుని ఉంటే తప్ప. కాబట్టి రెండింటిలో ఏది కొన్నా టైరు లీవర్లు, గాలి పంపు, ఒక్కో చక్రానికి ఒక్కో ట్యూబు, వాటిని వాడటం తెలిసిన చేతులు కావాలి. 450కి అనుకూలంగా చెప్పవలసిన మాట మరొకటి ఉంది. ఇప్పుడు బంకుల్లో దొరుకుతున్న ఈ-20 పెట్రోలుకు (20 శాతం ఇథనాల్ కలిపినది) తగిన భాగాలు 2023 ఏప్రిల్ తరువాత తయారైన వాహనాల్లోనే తప్పనిసరిగా ఉంటాయి. 2019 బండి ఆ పెట్రోలుతో నడుస్తుంది, మైలేజీ కొద్దిగా తగ్గుతుంది. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది కాబట్టి ట్యాంకులో పెట్రోలు పోసి నెలల తరబడి బండిని నిలబెట్టకూడదు, పెట్రోలు పైపులను ఏటా ఒకసారి చూపించుకుని పగుళ్లుంటే మార్చుకోవాలి. మీరు నెలకు రెండు సార్లే తీస్తారు కనుక ఈ జాగ్రత్త మీకు మరీ అవసరం.

డబ్బు లెక్క చూడండి. 450 కొంటే మీ చేతిలో 15,000 మిగులుతుంది. పేరు మార్పిడి, బీమా, ఒక సర్వీసుకే అది సరిపోదు. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ దాటిన కొత్త బళ్లపై జీఎస్‌టీ 40 శాతం అయినందువల్ల పాత 450 అమ్మేవారు ధర దించడానికి తొందరపడరు. 411 కొంటే 1.30 లక్షలు మిగులుతుంది. అందులో 40,000 బండికే కేటాయించండి. 41,000 కిలోమీటర్లు తిరిగిన బండికి టైర్లు, చైన్ సెట్, కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే చోటి బేరింగులు), బ్రేక్ ప్యాడ్లు, ఫోర్కు ఆయిల్ సీళ్లు, బ్యాటరీలలో కొన్నయినా మార్చవలసి వస్తుంది. ఈ బళ్లకు కిక్ ఉండదు కాబట్టి బ్యాటరీ మీద పిసినారితనం వద్దు. ఆ తరువాత ఇద్దరికీ మంచి హెల్మెట్లు, మీకు జాకెట్, బూట్లు కొనండి. మిగిలినది లేహ్ ఖర్చుకు ఉంటుంది. 450 కొని, పాత హెల్మెట్‌తో, మామూలు చెప్పులతో బయలుదేరే పరిస్థితి మీకు రాకూడదన్నదే నా బాధ.

ఇప్పుడు బండి చూసే పద్ధతి. తెల్లవారుజామున వెళ్లండి, మీరు రాకముందు స్టార్టు చేయవద్దని యజమానికి ముందు రోజే చెప్పండి. వెళ్లగానే ఇంజన్ మీద చేయి పెట్టండి, వేడిగా ఉంటే మరో రోజు వస్తానని చెప్పి వచ్చేయండి. చల్లని ఇంజన్ ఒకటి రెండు సెల్ఫులకు అందుకోవాలి. టాపెట్ల చప్పుడు కొద్దిగా ఉండటం సహజమే, వేడెక్కాక కూడా లోపల సుత్తితో కొట్టినట్టు మోగితే సహజం కాదు. పొగ గొట్టం నుంచి నీలి పొగ వస్తే ఆయిల్ మండుతోందని గుర్తు. తరువాత సెంటర్ స్టాండ్ వేసి, ముందు చక్రం పైకి లేచేలా వెనుక ఒకరిని కూర్చోబెట్టి, హ్యాండిల్‌ను మెల్లగా ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పండి. సరిగ్గా మధ్యలో గాడిలో పడ్డట్టు ఆగితే కోన్ సెట్ అరిగిపోయింది. ఫోర్కు కింది భాగాన్ని పట్టుకుని ముందుకూ వెనక్కూ లాగితే కదలిక తెలిసినా అదే కారణం. ఇది బేరం ఆడదగిన లోపం, వదిలేయవలసిన లోపం కాదు. వెనుక చక్రాన్ని పట్టుకుని పక్కలకు ఊపి చూడండి. మోనోషాక్ (వెనుక ఉండే ఒకే షాక్ అబ్జార్బరు) లింకేజీ బేరింగులకు ఏళ్ల తరబడి గ్రీజు పెట్టని బళ్లే ఎక్కువ, అక్కడ కిర్రుమనే చప్పుడు వింటే దాన్ని విప్పించాలి. స్పోకులను చిన్న స్క్రూడ్రైవర్‌తో ఒక్కొక్కటిగా తట్టండి. బిగువుగా ఉన్నవన్నీ ఒకే స్వరం పలుకుతాయి, వదులైనది బొంగురుగా వినిపిస్తుంది.

హ్యాండిల్ కింద ఛాసిస్ అతుకుల వద్ద, క్రాష్ గార్డు బిగించిన చోట్ల టార్చి వేసి చూడండి. పగులు, లేదా కొత్తగా వెల్డింగ్ చేసి రంగు పూసిన గుర్తు కనిపిస్తే ఎంత తక్కువకు ఇచ్చినా ఆ బండి వద్దు. ఈ ఒక్క విషయంలో బేరానికి తావు లేదు. టైరు పక్కన నాలుగు అంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైనదని అర్థం. ఏడేళ్ల నాటి టైరుకు గాళ్లు లోతుగా కనిపించినా రబ్బరు గట్టిపడి ఉంటుంది, తడి రోడ్డు మీద పట్టు ఇవ్వదు. అన్నీ చూశాక కనీసం 30 కిలోమీటర్లు నడపనివ్వమని అడగండి. ములుగు రోడ్డు మీద కొంత, ఊళ్లో రద్దీలో కొంత నడిపితే వేడెక్కిన క్లచ్ జారుతోందా, ఏబీఎస్ లైటు ఆరుతోందా అన్నవి బయటపడతాయి. సర్వీసు చరిత్రను బండి నంబరుతో కంపెనీ సర్వీసు సెంటరులో యజమాని సమక్షంలోనే అడగండి. మీటరు చూపించే 41,000కు, చివరి సర్వీసులో రాసిన అంకెకు పొంతన ఉండాలి.

కాగితాల విషయంలో మరింత కఠినంగా ఉండండి. చాలా ఏళ్ల క్రితం నేను ఒక పాత బండి కొన్నప్పుడు అప్పు తీరిపోయిందన్న అమ్మకందారు మాట నమ్మి పూర్తి డబ్బు ఇచ్చాను. చివరి వాయిదాలు బాకీ ఉన్నాయని, అవి కట్టేదాకా ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) ఇవ్వబోమని అప్పిచ్చిన సంస్థ చెప్పింది. ఆ డబ్బు నేనే కట్టుకుని, ఐదు నెలలు తిరిగిన తరువాతే ఆర్సీ నా పేరు మీదికి వచ్చింది. అందుకే ఆ 450 మీద ఇంకా అప్పుందన్న మాట నన్ను ఎక్కువగా కలవరపెట్టింది. ఒకవేళ అదే కొనాలని నిర్ణయించుకుంటే, డబ్బు యజమానికి ఇవ్వకుండా అప్పు ఖాతాకే నేరుగా కట్టి, ఎన్‌ఓసీ, ఫారం 35 (అప్పు నమోదును తొలగించే పత్రం) చేతికి వచ్చి ఆర్సీలో హైపోథికేషన్, అంటే అప్పు నమోదు, తొలగిన తరువాతే మిగతా మొత్తం ఇవ్వండి. 411కు పేరు మార్పిడి కాగితాలైన ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు, ఆర్సీ మీద ఇంజన్, ఛాసిస్ నంబర్లు బండి మీది వాటితో సరిపోవడం, పాత చలాన్లు లేకపోవడం చూసుకోండి. వేరే రాష్ట్రం బండి అయితే అక్కడి రవాణా కార్యాలయం ఎన్‌ఓసీ కోసం ఇచ్చే ఫారం 28తో పాటు ఇక్కడ జీవిత పన్ను కూడా కట్టాలి, కాబట్టి తక్కువ ధర అనిపించినది చివరికి ఎక్కువే అవుతుంది. 2019లో బండితో పాటు తీసుకున్న ఐదేళ్ల థర్డ్ పార్టీ బీమా 2024లోనే ముగిసి ఉంటుంది. తిరిగి చేయించారో లేదో అడగండి. బండి మీ చేతికి వచ్చిన 14 రోజుల్లో బీమా మీ పేరు మీదికి మార్పించుకోవాలి. నో క్లెయిమ్ బోనస్ పాత యజమానిదే, మీకు రాదు; అమ్మకందారు దాన్ని ధరలో కలిపి చెబితే ఒప్పుకోకండి.

2019 బండి ఛాసిస్ పరీక్షలో తప్పితే వెంటనే 450 వైపు వెళ్లకండి. 2020 తరువాతి బీఎస్-6 రకం 411 కోసం నెలా రెండు నెలలు ఆగండి, మీ 2.60 లక్షల్లో అది, దానికి కావలసిన పనులు, మీ సరంజామా అన్నీ ఇముడుతాయి. ఏ బండి కొన్నా ఫిబ్రవరి లోపల కొనండి. మార్చి, ఏప్రిల్ నెలల్లో మీ శ్రీమతితో కలిసి కాళేశ్వరం, కుంటాల, జోడేఘాట్ వైపు కనీసం 2,000 కిలోమీటర్లు తిరగండి. వదులయ్యేవి, కారేవి, అరిగినవి ఆ ఎండల్లో, ఇంటికి దగ్గరలోనే బయటపడతాయి. మే నెలలో మెకానిక్ చేత ఒకసారి పూర్తిగా విప్పించి బిగించి, వెనుక చక్రం ఊడదీసి ట్యూబు మార్చడం మీ చేతులతో మీరే రెండు సార్లు చేసి చూసుకుని, అప్పుడు మిత్రులతో బయలుదేరండి.